ఓవర్‌క్లాక్ మోజు, తెరిచిపెట్టిన తలుపు

ప్రశ్న: ఫ్లైట్ సిమ్యులేటర్‌లో ఎత్తులో ఎగురుతున్నప్పుడు ఇబ్బంది లేదు. శంషాబాద్‌లో దిగేటప్పుడు మాత్రం సెకనుకు 24 ఫ్రేములకు పడిపోతోంది. గ్రాఫిక్స్ కార్డు కొత్తదే. ప్రాసెసర్‌ను 4.9 నుంచి 5.2 గిగాహెర్ట్జ్‌కు ఓవర్‌క్లాక్ చేద్దామని, అంటే దాని వేగాన్ని హద్దు దాటించి పెంచుదామని, ఒక సాఫ్ట్‌వేర్ దించుకున్నాను. అది విండోస్‌లో ‘మెమరీ ఇంటెగ్రిటీ’ అనే భద్రతా తనిఖీని ఆపమంటోంది. ఆపవచ్చా?
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, కూకట్‌పల్లి

జవాబు: ఆపకండి. మిగతా సంగతులు తర్వాత.

వేసవి సెలవులు వస్తే చాలు, ఈ ఉత్తరం ఏదో ఒక రూపంలో వచ్చి పడుతుంది. లోపం ఎక్కడుందో మీరు సరిగ్గానే పట్టుకున్నారు. సిమ్యులేటర్ పనిలో పెద్ద భాగం ఒకే ప్రధాన థ్రెడ్ మీద, అంటే ఒకే వరుసలో నడుస్తుంది. ప్రాసెసర్‌లో పనిచేసే భాగాలు, అంటే కోర్లు, పదహారున్నా ఒక్కటే చెమటోడుస్తుంది. విమానాశ్రయం దగ్గర భవనాలు, ఇతర విమానాలు, కాక్‌పిట్ తెరలు అన్నీ ఒకేసారి దాని నెత్తిన పడతాయి. అక్కడ గ్రాఫిక్స్ కార్డు ఎంత కొత్తదైనా చేసేదేమీ లేదు.

అయితే లెక్క చూడండి. 4.9 నుంచి 5.2 అంటే ఆరు శాతం. మీ 24 ఫ్రేములు మహా అయితే పాతికన్నర అవుతాయి. అందుకోసం వోల్టేజీని 1.25 నుంచి 1.35కు పెంచారనుకోండి. విద్యుత్ వాడకం వోల్టేజీ వర్గాన్ని, వేగాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి వేడి దాదాపు 24 శాతం ఎక్కువవుతుంది. మామూలు కూలర్ ఏదైనా గది ఉష్ణోగ్రత కన్నా చల్లబరచలేదు. మే నెలలో ఏసీ లేని హైదరాబాద్ గదిలో ప్రాసెసర్ వంద డిగ్రీలకు చేరి తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. పెంచిన ఆరు శాతమూ అక్కడే ఆవిరి.

నన్ను కలవరపెట్టేది వేడి కాదు, ఆ సాఫ్ట్‌వేర్. విండోస్‌లో ఉండగా వోల్టేజీని మార్చాలంటే దాని గుండెకాయలాంటి కెర్నల్‌లోకి ఒక డ్రైవర్‌ను, అంటే హార్డ్‌వేర్‌తో మాట్లాడే ప్రోగ్రామును దించాలి. ఇలాంటి ఉచిత పనిముట్లు చాలావాటిలో ఉండేది విన్‌రింగ్0 అనే పాత డ్రైవరే. అందులోని భద్రతా లోపం 2020లోనే నమోదైంది. 2025లో విండోస్‌లోని యాంటీవైరస్ డిఫెండర్ దాన్ని అడ్డుకోవడం మొదలుపెట్టగానే ఫ్యాన్ల వేగం మార్చే ప్రోగ్రాములు ఆగిపోయాయి. జనం డ్రైవర్‌ను వదిలేసి డిఫెండర్‌ను తిట్టారు! 2022లో ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే ఒక రాన్సమ్‌వేర్ ముఠా గ్రాఫిక్స్ కార్డును ఓవర్‌క్లాక్ చేసే సాఫ్ట్‌వేర్ డ్రైవర్‌నే వాడుకుని యాంటీవైరస్‌ల కళ్లు కట్టింది. డ్రైవర్ అసలైనదే, దానికి డిజిటల్ సంతకమూ ఉంది. అందుకే ఎవరూ ఆపలేదు.

మెమరీ ఇంటెగ్రిటీ పని ఇలాంటివాటిని గడప దగ్గరే నిలదీయడం. దాన్ని ఆపమని సాఫ్ట్‌వేర్ అడుగుతోందంటే తన డ్రైవర్ ఆ తనిఖీలో నెగ్గదేమోనని అనుమానించాలి. ఆపితే ఆటలకు కాస్త వేగం రావచ్చని 2022లో విండోస్ తయారీదారే చెప్పిన మాట నిజం. ఆట ముగిశాక మళ్లీ ఆన్ చేయమని కూడా చెప్పారు. ఆ రెండో మాటను ఎవరూ పట్టించుకోరు. అదే కంప్యూటర్‌లో మీ నాన్నగారు బ్యాంకు ఖాతా తెరుస్తారేమో, ఒకసారి ఆలోచించండి.

సిమ్యులేటర్‌లో అదనంగా వేసుకునే విమానాల దొంగ కాపీల గురించి వేరే చెప్పాలా? డబ్బు పెట్టి కొన్నవీ తక్కువ తినలేదు. 2018లో ఒక సంస్థ దొంగ కాపీలు వాడేవారిని పట్టుకుంటామంటూ, క్రోమ్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లను లాగే ప్రోగ్రామును తన విమానం ఇన్‌స్టాలర్‌లోనే పెట్టి దొరికిపోయింది.

మీ సమస్యకు మందు సెట్టింగుల్లోనే ఉంది. టెర్రైన్ డీటెయిల్‌ను, ఇతర విమానాల సంఖ్యను తగ్గించండి. కాక్‌పిట్ తెరల రిఫ్రెష్ రేటును ఒక మెట్టు దించండి. ర్యామ్ తన అసలు వేగంతో నడుస్తోందా, విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగుల తెర బయోస్‌లో, ర్యామ్‌ను ఆ వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్‌లో ఉందా చూడండి. ఇంత చెప్పినా ఓవర్‌క్లాక్ చేసి తీరతానంటే బయోస్‌లోనే చేయండి. దానికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు.

బయోస్ తెరిచారు కాబట్టి ప్రాసెసర్ ఎంత విద్యుత్ లాగవచ్చో చెప్పే పవర్ లిమిట్ దగ్గర ఏ అంకె ఉందో కూడా చదవండి. కొన్ని మదర్‌బోర్డుల్లో 4095 అనో 4096 వాట్లనో ఉంటుంది. ఇంట్లో ఒకటిన్నర టన్నుల ఏసీ కూడా అంత లాగదు! పరిమితి ఎత్తేశామని మర్యాదగా చెప్పే పద్ధతి అది. సమీక్షల్లో నాలుగు మార్కులు ఎక్కువ రావడం కోసం బోర్డు తయారీదారులు కొన్నవారికి చెప్పకుండా ప్రాసెసర్‌ను హద్దు దాటించి అమ్ముతూ వచ్చారు. ఒక సంస్థ 13, 14 తరాల ప్రాసెసర్లు కొన్ని అధిక వోల్టేజీతో దెబ్బతిని, 2024లో వారంటీని రెండేళ్లు పొడిగించాల్సి వచ్చాక కూడా ఈ అలవాటు పూర్తిగా పోలేదు. ఆ అంకె చెరిపి, మీ ప్రాసెసర్‌కు దాని తయారీదారు చెప్పిన పరిమితిని రాయండి.

గేమింగ్ ల్యాప్‌టాప్‌ను ఓవర్‌క్లాక్ చేయవచ్చా అని సికింద్రాబాద్ నుంచి మరొకరు అడిగారు. వద్దు. ముందు దాన్ని పరుపు మీద నుంచి తీసి బల్ల మీద పెట్టండి.