పత్రికా వ్యాసం వేరు, సిద్ధాంత గ్రంథం వేరు

ప్రశ్న: కొన్నేళ్లుగా వారపత్రికలకు సాహిత్య వ్యాసాలు రాస్తున్నాను. ఇప్పుడు తెలుగులో పీహెచ్‌డీ చేస్తున్నాను. క్రీడాభిరామం అనే ప్రాచీన తెలుగు కావ్యం మీద నేను రాసిన మొదటి అధ్యాయాన్ని ‘ఇది పత్రికా వ్యాసంలా ఉంది’ అంటూ మా పర్యవేక్షకులు తిప్పి ఇచ్చారు. సిద్ధాంత గ్రంథాన్ని గ్రాంథికంలో రాయాలా? ‘నేను’ అనకూడదా? ఇదివరకు అచ్చయిన నా వ్యాసాలను అందులో చేర్చవచ్చా?
– ఒక పరిశోధక విద్యార్థిని, హనుమకొండ

జవాబు: గ్రాంథికం అక్కరలేదు. గిడుగు రామమూర్తి (1863–1940) వంటి వారు సాగించిన వ్యావహారిక భాషోద్యమం పుణ్యమా అని నేడు సిద్ధాంత గ్రంథాలు శిష్టవ్యావహారికంలోనే, అంటే చదువుకున్నవారి వాడుక భాషలోనే వస్తున్నాయి. మీ పర్యవేక్షకుల అభ్యంతరం బహుశా భాష మీద కాదు, మీరు చెప్పిన మాటకు ఆధారం చూపకపోవడం మీద అయి ఉంటుంది.

మీరు ఎంచుకున్న కావ్యాన్నే తీసుకుందాం. ‘క్రీడాభిరామం శ్రీనాథుడిదే, ఆ చమత్కారం ఇంకెవరికి అబ్బుతుంది!’ అని పత్రికలో రాస్తే పాఠకుడు చిరునవ్వుతో ముందుకు సాగిపోతాడు. అదే వాక్యం సిద్ధాంత గ్రంథంలో కనబడితే పరీక్షకుడు అక్కడే ఆగిపోతాడు. కావ్య ప్రస్తావనలో కర్తగా వినుకొండ వల్లభరాయుని పేరు ఉన్నదనీ, అయినా ఆధునిక పండితులు వేటూరి ప్రభాకరశాస్త్రి దానిని శ్రీనాథుని రచనగా భావించారనీ ముందు చెప్పి, ఆయన చూపిన ఆధారాలను ఒక్కొక్కటిగా పరిశీలించి, వాటిలో ఏది నిలుస్తుందో ఏది నిలవదో తేల్చిన తరువాతే మీ అభిప్రాయం రావాలి. ఆ అభిప్రాయం చివరికి శ్రీనాథుని వైపే మొగ్గినా తప్పు లేదు.

ఇంతకన్నా చిక్కైనది మరొకటి ఉంది. ఈ కావ్యంలోని పాత్రలు మంచనశర్మ, టిట్టిభసెట్టి చూసిన ఓరుగల్లు (నేటి వరంగల్) వీధులను వర్ణించి ‘కాకతీయుల నాటి నగరం అచ్చం ఇలాగే ఉండేది’ అని ముగించడం పత్రికా వ్యాసాలలో తరచుగా కనిపిస్తుంది. మీ ఊరి వారికి ఆ ఉత్సాహం మరీ సహజం. అయితే కాకతీయ రాజ్యం 1323లో పతనమైంది. ఈ కావ్యాన్ని ఆ తరువాతి కాలపు రచనగా పండితులు సాధారణంగా పరిగణిస్తారు. పైగా దీనికి మూలమైన రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామం నేడు అలభ్యం. కాబట్టి ఒక వర్ణన కవి కళ్లారా చూసినదా, మూలం నుంచి తెచ్చుకున్నదా, కేవలం కల్పనా అన్న సందేహాన్ని పాఠకుని ముందు పెట్టకుండా దానిని చరిత్రకు సాక్ష్యంగా వాడడం కుదరదు. పద్యాన్ని ఉదాహరించినప్పుడు ఏ ముద్రణ నుంచి తీసుకున్నారో, పద్యసంఖ్య ఎంతో పాదసూచికలో ఇవ్వాలి.

‘నేను’ విషయంలో విశ్వవిద్యాలయాల పద్ధతులు ఒక్కలా లేవు. మీ శాఖలో ఆమోదం పొందిన గ్రంథాలను నాలుగైదు తిరగేసి చూడండి. నా మట్టుకు ‘ఈ పరిశోధకురాలిచే పరిశీలించబడినది’ అనడం కన్నా ‘పరిశీలించాను’ అనడమే మేలనిపిస్తుంది. కర్మణి ప్రయోగాలు పేర్చినంత మాత్రాన రచనకు గాంభీర్యం రాదు, చదివేవారికి ఆయాసం మాత్రం వస్తుంది. గౌరవ వాచకాల విషయంలో చాలామంది పాటించే తీరు ఇది: ప్రాచీన కవులకు ‘శ్రీనాథుడు అన్నాడు’ అని ఏకవచనం, ఆధునిక పండితులకు ‘గారు’ లేకుండా ‘భావించారు’ అని బహువచనం. ఏ పద్ధతి ఎంచుకున్నా చివరిదాకా ఒకేలా ఉంచండి.

అచ్చయిన వ్యాసాలను వాడుకోవడానికి మీ విశ్వవిద్యాలయ నిబంధనలు అనుమతిస్తున్నాయేమో ముందుగా పర్యవేక్షకులను అడగండి. అనుమతి ఉంటే అవి ఏ పత్రికలో, ఏ సంచికలో వచ్చాయో తప్పక పేర్కొనండి. అయితే వాటిని యథాతథంగా అతికించవద్దు. ‘అందరికీ తెలిసిందే’, ‘నిస్సందేహంగా’ అని రాసిన ప్రతి చోటా ఆగి, ఆ మాటకు ఆధారం ఉంటే చూపండి, లేకపోతే వాక్యాన్నే కొట్టివేయండి.