హిమోగ్లోబిన్ బాగానే ఉంది, అమైనో ఆమ్లాల గుళికలతో నీరసం తగ్గలేదు: సమాధానం

మీ అక్కగారి నీరసానికి అమైనో ఆమ్లాల (మాంసకృత్తులు తయారయ్యే మూలపదార్థాల) కొరత కన్నా ఇనుము నిల్వలు తరిగిపోవడమే కారణమయ్యే అవకాశం ఎక్కువ, హిమోగ్లోబిన్ 12.4 ఉందని, నెలసరిలో రక్తస్రావం అధికమని, రెండు నెలలు గుళికలు వాడినా గుణం లేదని మీరు రాసినవన్నీ అటే చూపుతున్నాయి.

1. చాలామంది వదిలేసే పరీక్ష ఫెర్రిటిన్, అంటే ఒంట్లో ఇనుము నిల్వలు ఎంతున్నాయో చూపే రక్తపరీక్ష. హిమోగ్లోబిన్ తగ్గకముందే నిల్వలు అడుగంటుతాయి కనుక, రిపోర్టులో అంతా మామూలుగా ఉన్నా మనిషి వరినాట్ల మధ్యలోనే ఓపిక లేక గట్టు మీద కూర్చుండిపోవచ్చు. లీటరుకు 15 మైక్రోగ్రాముల కన్నా తక్కువైతే లోపం ఉన్నట్లే. జ్వరం, ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు ఈ అంకె పెరిగి లోపాన్ని కప్పేస్తుంది కాబట్టి, అవి పూర్తిగా తగ్గాకే రక్తం ఇప్పించండి.

2. థైరాయిడ్, బీ12, షుగర్ కూడా అప్పుడే చూపించండి.

3. లూసిన్, ఐసోలూసిన్, వాలిన్ అనే అమైనో ఆమ్లాలు కలిసిన గుళికలపై పరిశోధనలు ఎక్కువగా వ్యాయామం చేసేవారి మీద జరిగాయి. కండరాల నొప్పి కొంత తగ్గవచ్చు గానీ, రోజువారీ నీరసం పోతుందనడానికి గట్టి ఆధారం లేదు. ఆ డబ్బుతో గుడ్లు కొనడం మేలని నా గట్టి అభిప్రాయం; ఒక్కో గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు, అత్యవసరమైన తొమ్మిది అమైనో ఆమ్లాలూ ఉంటాయి.

4. లోపం తేలితే, డాక్టరు రాసిన ఇనుము మాత్రకూ చాయ్‌కీ కనీసం గంట, రెండు గంటల ఎడం ఉంచాలి. చాయ్ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు.

5. రక్తస్రావం సంగతి మిర్యాలగూడలోనే గైనకాలజిస్టుకు చూపించండి. అది ఆగకుండా మాత్రలు మాత్రమే వాడితే నిల్వలు మళ్లీ తరిగిపోతాయి.