నాళం మూసుకుపోతే పైత్యామ్లాలు ఎటు పోతాయి?

ప్రశ్న: పైత్యరస నాళంలో రాయి అడ్డుపడి నాన్నగారికి కామెర్లు వచ్చాయి. ఒళ్లంతా ఒకటే దురద. పైత్యామ్లాలు సబ్బులా కొవ్వును విడగొడతాయంటారు కదా, అవి రక్తంలో చేరితే రక్తకణాలు కరిగిపోవా? దురదకు ఇచ్చిన కొలెస్టిరమిన్ పొడి ఎందుకు పనిచేయలేదు?

జవాబు: ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా పైత్యామ్లాలు రక్తంలో కొద్దిగా ఉంటాయి. పేగులోకి వెళ్లినవాటిలో 95 శాతం దాకా చిన్నపేగు చివర రక్తంలోకి ఇంకి, పోర్టల్ సిర ద్వారా తిరిగి కాలేయానికి వస్తాయి. వాటిలో ఎక్కువ భాగాన్ని కాలేయం అక్కడికక్కడే లాగేసుకుంటుంది. అందుకే పరగడుపున రక్తంలో సాధారణంగా లీటరుకు 10 మైక్రోమోల్‌ల లోపే కనిపిస్తాయి.

నాళం మూసుకుంటే ఈ లెక్క 100 దాటిపోవచ్చు. ఇది ఒట్టి లీకేజీ కాదు. లోపల పేరుకున్న పైత్యామ్లాలు కాలేయ కణానికే విషం. అందుకని కణం రక్తం నుంచి వాటిని లోపలికి తెచ్చే ఎన్‌టీసీపీ ద్వారాన్ని తగ్గించుకుంటుంది. రక్తం వైపున్న ఎంఆర్‌పీ3, ఎంఆర్‌పీ4 పంపులను పెంచి, పోగైనదాన్ని వెనక్కి తోసేస్తుంది. తనను తాను కాపాడుకోవడానికి కణం చేసే పని ఇది.

రక్తంలోకి వచ్చినవి చాలావరకు అక్కడుండే ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ను, కొంతవరకు కొవ్వును మోసే లైపోప్రొటీన్లను అంటిపెట్టుకుని తిరుగుతాయి. నీటికి దూరంగా ఉండే చీనోడీఆక్సీకోలిక్ ఆమ్లానిది గట్టి పట్టు, కోలిక్ ఆమ్లానిది వదులు పట్టు. పైత్యామ్లాలు గుంపుకట్టి కొవ్వును విడగొట్టాలంటే లీటరుకు వేల మైక్రోమోల్‌లు కావాలి. రక్తంలో అంత ఉండవు, ఉన్నవాటిలోనూ విడిగా తిరిగేవి కొన్నే. కాబట్టి రక్తకణాలు కరిగిపోవు. అయితే ఎర్రకణాల పొరలో కొలెస్ట్రాల్ చేరి, సూక్ష్మదర్శినిలో కొన్ని గురిచూసే పలకల్లా కనిపించవచ్చు.

ఇక మిగిలిన దారి మూత్రపిండాలు. ఆల్బుమిన్‌ను వదిలినవే అక్కడ వడకట్టుకు దిగుతాయి. కాలేయం కొన్నిటికి సల్ఫేట్ తగిలించి నీటిలో కరిగేలా చేస్తుంది, అవి మూత్రంలో సులువుగా పోతాయి.

కొలెస్టిరమిన్ పేగులోని పైత్యామ్లాలనే పట్టుకుంటుంది. నాళం పూర్తిగా మూసుకుంటే పేగులోకి పైత్యరసమే రాదు, ఇక అది పట్టుకునేదేముంది? పైగా రక్తం గడ్డకట్టడానికి కావలసిన విటమిన్ కె అసలే సరిగా ఇంకని స్థితిలో ఈ పొడి దాన్ని ఇంకా తగ్గించగలదు. రక్తం గడ్డకట్టే పరీక్ష (పీటీ, ఐఎన్‌ఆర్) చేశారో లేదో డాక్టరుగారిని తప్పక అడగండి. దురద తీవ్రత పైత్యామ్లాల లెక్కను బట్టే ఉండదు. అడ్డు తీసినా, స్టెంట్ వేసినా పసుపు పోకముందే దురద తగ్గడం మామూలే. ఆ పసుపుకు కారణమైన బిలిరుబిన్‌లో కొంత ఆల్బుమిన్‌కు విడదీయరానంతగా అతుక్కుని ఉంటుంది, ఆ ఆల్బుమిన్ సగం తగ్గడానికే దాదాపు మూడు వారాలు పడుతుంది.

ఈలోగా చలిజ్వరం వచ్చినా, మాటల్లో తికమక కనిపించినా నాళంలో ఇన్ఫెక్షన్ కావచ్చు. తెల్లారేదాకా ఆగకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.