గుణుపురం టీచరమ్మకి

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నీ రాతప్రతి అందింది. గుణుపురం నుంచి పర్లాకిమిడికి రైలుండగా పోస్టులో పంపడమేమిటా అనుకున్నాను గానీ, ఎదురుగా కూర్చుని చెప్పలేనివి ఉత్తరంలో చెప్పడం నాకూ సుళువే. ఒడిశాలోని నీ చిన్న ఒడియా బడి మీద పుస్తకం రాయొచ్చు. రాయాలి కూడా. కానీ ఇప్పటిదాకా నువ్వు రాసినదాంట్లో బడి కంటే, బడిని చూసి నీకు కలిగిన దయే ఎక్కువగా కనిపించింది.

మొదటి పేజీలోనే పిల్లల కళ్ళు మూడుసార్లు మెరిశాయి. చిరిగిన చొక్కాలు, కొండల వెనక సూర్యుడు, చేతిలో సుద్దముక్కతో త్యాగమూర్తి హెడ్మాస్టరు, అందరూ హాజరు. బోర్డు మీద ఏం రాసుందో మాత్రం లేదు. ఆ పూట ఏ పాఠం జరిగింది? ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు, రానివాడికి ఎందుకు రాలేదు? ఆ పేజీని హైదరాబాదులో ఏసీ గదిలో కూర్చుని ఎవరైనా రాసేస్తారు. నువ్వు రోజూ ఆ గదిలో నిలబడే మనిషివి. నీకొక్కదానికే తెలిసినవి కాగితం మీదికి రాలేదు.

ఒక్కచోట వచ్చాయి. రెండో తరగతి గుంటడు నాలుగుకీ ఎనిమిదికీ తేడా తెలియక ఏడ్చాడని రాశావు. వాడి కన్నీళ్ళు తుడిచి నువ్వు ముందుకెళ్ళిపోయావు గానీ నేను అక్కడే ఆగిపోయాను. ఎందుకు తెలియలేదు వాడికి? ఒడియా అంకెల్లో నాలుగు మనం రాసే 8 లాగే ఉంటుంది, పై గుండ్రం మూతపడదంతే. వాడు ఇంట్లో గోడ మీది క్యాలెండరులో, అక్క సెల్‌ఫోనులో, బస్సు మీద చూసేది 4. బడి పుస్తకంలో చూసేది ఆ మూతపడని ఎనిమిది. వాడు మొద్దు కాదమ్మా. రెండు రకాల అంకెల మధ్య ఒక్కడూ నిలబడి ఉన్నాడు. అక్షరాల్లోనూ ఇదే తంటా. ఒడియా 'ఠ' అచ్చంగా మన సున్నా. ఇంట్లో నానమ్మ దగ్గర నాలుగు తెలుగు ముక్కలు దిద్దుకున్న పిల్ల, ఒకటో తరగతి వాచకంలో ఆ గుండ్రాన్ని చూసి ఏమని చదువుతుంది? హాజరు పిలిచేటప్పుడు 'కొమొళా' అయిన పిల్ల, సాయంత్రం ఇంటికెళ్ళగానే మళ్ళీ కమలే. ఇవన్నీ నీకు అలవాటైపోయాయి కాబట్టి రాయడానికి పనికిరావనుకున్నావు. శ్రీకాకుళంలో, కడపలో ఉన్న పాఠకుడికి ఇవేమీ తెలియవు. ఏడుపు సంగతి వాడికి ముందే తెలుసు.

ఆ గుంటడి మీద ఎనిమిది పేజీలు రాయి. మర్నాడు నువ్వేం చేశావో రాయి. చింతపిక్కలు లెక్కపెట్టించావా? రెండు అంకెలూ పక్కపక్కన రాసి చూపించావా? అయినా మళ్ళీ తప్పు రాశాడా? బోధన అంటే ఈ పనే. దీన్ని పాఠకుడు ఉత్కంఠతో చదువుతాడు, నన్ను నమ్ము.

ఈ పద్ధతికి మనకి పర్లాకిమిడిలోనే పెద్ద దిక్కు ఒకాయన ఉన్నారు. గిడుగు రామమూర్తి గారు 1880లో ఇక్కడ రాజావారి బడిలో మాస్టరుగా చేరారు. ఇక్కడి కొండల్లో ఉండే సవర గిరిజనుల భాష నేర్చుకోవాలనిపించి, ఆ భాషా తెలుగూ రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. తర్వాతే సవర పిల్లలకి వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే ఆ సొమ్ముతో బడి పెట్టించండి అన్నారట. ఆయన సవర భాష మీద రాసిన పెద్ద పుస్తకాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేసి వ్యావహారిక భాష గురించి ఉపన్యాసం ఇచ్చేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆయన పని చేసిన వరస ఎవరికీ పట్టదు: ముందు వినడం, తర్వాత నేర్చుకోవడం, ఆ పైన రాయడం.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నీ రాతలో సవర పిల్లలు 'అమాయక అడవిబిడ్డలు'గా వచ్చి వెళ్ళిపోయారు. వాళ్ళు ఒక్క మాటా మాట్లాడలేదు. నీ గదిలో అందరికంటే ఎక్కువ భాషల బరువు మోస్తున్నది వాళ్ళే. ఇంట్లో సవర, ఆటల్లో మన గుంటలతో తెలుగు, పుస్తకంలో ఒడియా, ఆ పైన ఇంగ్లీషు. ఒడిశాలో 2006-07 ప్రాంతం నుంచి పది గిరిజన భాషల్లో చిన్న తరగతులు మొదలుపెట్టారు, వాటిలో సవరా ఉంది. ఆ పుస్తకాలు నీ బడి బీరువాలో ఉన్నాయా? ఉంటే తీసి చదివించే మనిషి ఉన్నాడా? నువ్వు చూసింది రాయి. నీకు సవర ఎన్ని మాటలొచ్చో కూడా దాచకుండా రాయి.

తెలుగు పిల్లల మాటల దగ్గరికొస్తే, నువ్వు వాళ్ళ చేత వార్తాపత్రిక తెలుగు మాట్లాడించావు. 'మా అమ్మ జీడిపిక్కలు ఏరడానికి వెళ్ళింది టీచర్' అని ఏ పిల్లయినా అందా? 'గురుమా, మాయమ్మ జీడిపిక్కలకి ఎల్లిపోనాది' అంటుంది. 'ఖాతా మరిసిపోనాను' అంటుంది. అలాగే ఉంచు. ఖాతా అంటే నోటుబుక్కని పక్కన అర్థం ఇవ్వకు, ఆ పిల్ల ఉత్త చేతులతో నిలబడి ఉంటే పాఠకుడికి తెలుస్తుంది. కానీ ప్రతి వాక్యంలోనూ యాస కూరి నవ్వించాలని చూడకు. నవ్వించడానికి వాడిన యాస అవతలివాణ్ణి చిన్నచేస్తుంది, మన ఉత్తరాంధ్ర వాళ్ళం సినిమాల్లో చూస్తూనే ఉన్నాం.

తరగతి గది గురించి ఇంకో మాట. అరవై మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లని విద్యాహక్కు చట్టం పట్టిక చెప్తుంది. తరగతులు మాత్రం అయిదు. నీ బడీ అంతేగా. ఒకటీ రెండూ ఒక గోడ వైపు, మూడూ నాలుగూ ఇంకో వైపు, అయిదో తరగతి వరండాలో. ఒక గుంపు ఎత్తి రాస్తుంటే ఇంకో గుంపు ఎక్కాలు చదవాలి. అయిదో తరగతి పిల్ల ఒకటో తరగతికి అక్షరాలు దిద్దించాలి. రెండో టీచరు ట్రైనింగుకో ఓటర్ల జాబితా పనికో వెళ్ళిన రోజున అయిదు తరగతులూ నీ ఒక్కదాని మీదే. ఇదంతా నీ రాతలో 'ఎన్నో ఇబ్బందుల మధ్య' అనే మూడు మాటల్లో అయిపోయింది. నువ్వు ఒక్కదానివే ఉన్న ఒక్క రోజు తీసుకో. ప్రార్థన దగ్గర్నుంచి చివరి గంట దాకా, ఎవర్ని ఎక్కడ కూర్చోబెట్టావో, ఏ నిమిషంలో ఏ గుంపు చేయి జారిపోయిందో రాయి. సంవత్సరమంతా అక్కర్లేదు, ఆ రోజు చాలు.

చెట్టు కింద తరగతి అని ఒక అధ్యాయం ఉంది, బాగా మురిసిపోతూ రాశావు. 1909లో ఒడిశా నాయకుడు గోపబంధు దాస్, ఆయన మిత్రులు పూరీ దగ్గర సత్యవాదిలో తోటలో చెట్ల కింద బడి నడిపారు, అది కోరుకుని చేసింది. ఒడియా పాఠకులకి ఆ కథ తెలుసు. మీ బడిలో చెట్టు కిందికి వెళ్ళింది కోరుకునా, గది కురుస్తోందనా? ఆ ఒక్క వాక్యం ఎగ్గొట్టావు.

మధ్యాహ్న భోజనం దగ్గర కూడా నీకు దయ అడ్డొచ్చింది. ఆకలిగొన్న పిల్లలు ఆబగా తిన్నారు అన్నావు. ప్రాథమిక బడి పిల్లకి రోజుకి బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, నూనె 5 గ్రాములు, మొత్తం 450 కేలరీలు ఉండాలని లెక్క. రాసేవాళ్ళకి ఈ అంకెలెందుకంటావేమో. హాజరు పట్టీలో సంఖ్యకీ గంగాళంలో పడే బియ్యానికీ మధ్యనే ఆ బడి అసలు రంగు తెలుస్తుంది. ప్రొద్దున్నే తలలు లెక్కపెట్టి బియ్యం కొలిచాక ఇద్దరు గుంటలు ఆలస్యంగా వస్తే వంటామె ఏమంటుంది? ఆమె ఏ మహిళా సంఘంలో మనిషి, పొయ్యిలోకి కట్టెలెక్కడివి, ముందు రుచి చూసేది ఎవరు? ఒడియా వాళ్ళ కూరగాయల పప్పు డాల్మా వండిన రోజున తెలుగిళ్ళ పిల్లలు ఇది మా అమ్మ పప్పులా లేదని వంకలు పెడతారా, ఇంటికెళ్ళి అమ్మని అదే వండమంటారా? గుడ్డు పెట్టే రోజున హాజరు పెరుగుతుందని అందరూ రాస్తారు. నువ్వు మీ పట్టీ తిరగేసి చూడు. పెరిగితే ఎంతో, పెరగకపోతే ఎందుకో రాయి. ఊహించి మాత్రం రాయకు.

పంద్రాగస్టు ప్రొద్దున్నే పిల్లల్తో చేయించే ఊరేగింపు, ప్రభాత్ ఫేరీకీ, మొక్కలు నాటడానికీ ఒక్కో వాక్యం చాలు. ఆ ఫొటోలు ఏ బడిలో చూసినా ఒక్కలాగే ఉంటాయి. ఫిబ్రవరి, ఆగస్టు పదో తేదీల్లో ఇచ్చే నులిపురుగుల మాత్ర సంగతి అంతకన్నా రుచిగా ఉంటుంది. నమలమంటే నాలుక కింద దాచుకుని గోడ వెనక్కి వెళ్ళి ఉమ్మే గుంటలు మీ బడిలో లేరంటే నేను నమ్మను.

ఊరు బడిలోకి వచ్చే రోజు ఒకటుంది. కమిటీ సమావేశం. దాన్ని నువ్వు 'గ్రామస్థులంతా కలిసికట్టుగా' అని తేల్చేశావు. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులుండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్ళుండాలి. కాగితం మీద ఉంటారు కూడా. ఆ రోజు కుర్చీలో ఎవరు కూర్చున్నారు, గుమ్మం దగ్గర ఎవరు నిలబడ్డారు? ఆడవాళ్ళ తరఫున మగవాళ్ళు మాట్లాడారా? మాటలు తెలుగులోనూ సవరలోనూ నడిస్తే మినిట్స్ ఒడియాలో రాసుకుంటారు కదా, అందులో చదివి వినిపించినదెంత, వేలిముద్ర పడినదెంత? ప్రహరీ లేక ఆవులు లోపలికొస్తున్నాయని మొదలైన మాట, జీడితోటల కాలంలో పెద్దపిల్లల్ని బడికి పంపలేమని తెగేసి చెప్పడం దాకా వెళ్ళిందనుకో. అప్పుడు టీచరు ఏమంటుంది? అక్కడ నువ్వు రచయితవి కాదు, జీతం తీసుకునే టీచరువి. ఆ ఇరకాటంలోంచే రాయి. నీ పై అధికారుల మీద కోపముంటే ఆ పేజీలు ఒక నెల సొరుగులో ఉంచి, తర్వాత తీసి చూడు.

సరస్వతీ పూజ అధ్యాయం నీ రాతలో అన్నిటికన్నా బాగుంది, అందుకే దాన్ని ఇంకా పిండమంటున్నాను. ఒడిశా బడుల్లో వసంత పంచమి పెద్ద పండగ. ఆ రోజునే చిన్నపిల్లలకి ఖడీఛుఁవా, అంటే అక్షరాభ్యాసం. సుద్దముక్క చేతికిచ్చి బ్రహ్మ, విష్ణు, మహేశ్వరుల పేర మూడు గుండ్రాలు పెట్టిస్తారు. అదే రోజున మన తెలుగిళ్ళలో పళ్ళెంలో బియ్యం పోసి 'ఓం నమః శివాయ' రాయిస్తాం. మీ ఊళ్ళో ఒకే ఇంటి పిల్లకి రెండూ జరిగుంటాయి. ప్రొద్దున ఇంట్లో బియ్యం, పది గంటలకి బడిలో సుద్ద. ఆ ఇంటి తల్లిని అడిగి రాయి. చందా ఎంత వేశారు, ఎవరు ఇవ్వలేదు, విగ్రహం ఎక్కడ కొన్నారు, ప్రసాదం ఎవరు వండారు? ఇంకొకటి, దీన్ని తప్పించుకోకు. సవర వాడల్లో క్రైస్తవ కుటుంబాలున్నాయి కదా. ఆ పిల్లలు ఆ రోజు ఎక్కడున్నారు? వచ్చి ప్రసాదం తిన్నారా, వచ్చి దూరంగా నిలబడ్డారా, రాలేదా? నువ్వు తీర్పు చెప్పక్కర్లేదు. కానీ రాయకుండా వదిలేస్తే అది కూడా తీర్పే అవుతుంది.

హెడ్మాస్టరు గారి గురించి. ఆయన్ని దేవుణ్ణి చేసేశావు, దాంతో ఆయన మాయమైపోయారు. మంచివాడే, ఒప్పుకుంటాను. కానీ మంచివాళ్ళు కూడా రిజిస్టరు పోగొట్టుకుంటారు, ఒక పిల్లాడి మీద ఎక్కువ మమకారం చూపిస్తారు, వర్షమొస్తే బడి తొందరగా వదిలేస్తారు. ఆయన చేత ఒక్క పొరపాటు చేయించు. చేయించడమంటే కల్పించమని కాదు, నువ్వు చూసి మింగేసింది కక్కమని.

పిల్లల పేర్లు మార్చానన్నావు, మంచిది, కానీ అది చాలదు. చిన్న ఊళ్ళో 'కుంటి మేనమామ ఉన్న పిల్ల' అంటే చాలు, పేరెందుకు? తాగుబోతు తండ్రి, ఇల్లొదిలిపోయిన తల్లి లాంటివి కథకి నిజంగా కావాలా అని ఒక్కొక్కదానికీ అడుక్కో. కావాలంటే గుర్తులు మార్చు. ఏదో ఒక రోజు ఆ పిల్ల పెద్దయి తెలుగు కూడబలుక్కుని ఇది చదువుతుందనుకునే రాయి. ఊళ్ళో తెలుగు తరగతులు తగ్గిపోతున్నాయి కాబట్టి చదవదులే అనుకోవడం మనకి తగదు.

భాష సంగతి కొంచెం. 'లేత మనసులు', 'జ్ఞాన జ్యోతి', 'అక్షర యజ్ఞం' కనిపించినచోటల్లా కొట్టేశాను, అలిగితే అలుగు. పెద్ద వాక్యాలు నీకు నప్పవు. సరస్వతీ పూజ రాసినచోట పొట్టి వాక్యాలు వాటంతటవే వచ్చాయి చూసుకో, అదే నీ నడక. రాసింది బడిలో వంటామెకి చదివి వినిపించు. చదువుకున్నవాళ్ళు మొహమాటానికి బాగుందంటారు, ఆవిడ 'అలాగ కాదమ్మా జరిగింది' అంటుంది.

పుస్తకం ఆలోచన ఇప్పుడు పక్కన పెట్టు. ముందు ఆ నాలుగు అంకె గుంటడి అధ్యాయం, తర్వాత నువ్వు ఒక్కదానివే ఉన్న రోజు, ఈ రెండూ తిరగరాసి పంపు. వేసవి సెలవుల లోపు అందితే నేను చూసి, పత్రికకి పంపించదగ్గది ఏదో చెప్తాను. కాగితానికి ఒకవైపే రాయి, పక్కన మార్జిను వదులు. నీ అక్షరాలు మరీ చిన్నవి, నా కళ్ళజోడు పాతది. మీ అమ్మగారికి నమస్కారాలు.

ఇట్లు,
పర్లాకిమిడి నుంచి
మీ మాస్టారు