చూపు చాట మీద, చెవి టీవీ మీద

హనుమకొండ

చెల్లెమ్మా,

నువ్వు పంపిన సీరియల్ మూడు ఎపిసోడ్లూ చదివాను. కథ నిలబడుతుంది. అత్త పాత్ర అయితే నన్ను నవ్వించింది కూడా. కానీ మూడో సీన్‌లో కోడలు ఉత్తరం చదివి, మాటా పలుకూ లేకుండా కిటికీ దగ్గర నిలబడుతుంది చూడు, నీకు అన్నిటికన్నా ఇష్టమైన సీన్ అదేనని నాకు తెలుసు. నాకూ అలాంటిది ఒకటి ఉండేది.

నా మొదటి సీరియల్ వస్తున్న రోజుల్లో కోరుట్లలో మా చిన్నమ్మ ఇంట్లో కూర్చుని చూశాను. ఆమె ఒడిలో చాట. తడిపిన తునికాకు, కత్తెర, తంబాకు, దారం. వెయ్యి బీడీలు చుట్టాలంటే తలెత్తే తీరిక ఎక్కడిది? టీవీ దాని మానాన అది మోగుతోంది. నేను ఎన్నో రాత్రులు కొట్టేసి రాసుకున్న మౌనం సీన్ వచ్చింది. చిన్నమ్మ చటుక్కున తలెత్తి, "ఏమైందిరా, టీవీ బందైందా?" అంది.

ఆ రోజు నుంచి నేను సీన్ రాసి కళ్లు మూసుకుని చదువుకుంటున్నాను. పాత్రలు ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోవడం, ఎవరు గుమ్మంలోకి వచ్చారో మాటల్లోనే చెప్పడం చూసి సినిమావాళ్లు నవ్వుతారు. నవ్వనీ. వాళ్ల ప్రేక్షకులు చీకట్లో తెర వైపే చూస్తుంటారు, మనవాళ్ల చేతిలో ఏదో ఒక పని ఉంటుంది.

గురువారం వచ్చే రేటింగ్ గురించి ఇప్పటి నుంచే టెన్షన్ పడుతున్నావు. ఆ రేటింగ్ లెక్కగట్టే సంస్థ బార్క్. దాని మీటర్లు ఉన్నది దేశం మొత్తమ్మీద 50 వేల పైచిలుకు ఇళ్లలో. ఛానెల్ తన శబ్దంలో మన చెవికి అందని గుర్తు ఒకటి కలుపుతుంది, మీటర్ దాన్ని బట్టి ఏ ఛానెల్ నడుస్తోందో పోల్చుకుంటుంది. అంటే అది కూడా మా చిన్నమ్మలాగే, బొమ్మ చూడదు! (మౌనంగా ఉంటే రేటింగ్ పడిపోతుందని కాదు, అపార్థం చేసుకోకు.) రెండు తెలుగు రాష్ట్రాలనూ ఆ లెక్కలో ఒకే మార్కెట్‌గా చూస్తారు. ఆ వంక పెట్టే, నేను తల్లి పాత్రకు రాసిన మన యాసను ఒక ఛానెల్‌వాళ్లు తీసేసి, అదే యాస పనిమనిషికి పెట్టారు. నేనేమీ అనలేదు. ఇప్పటికీ మనసులో కలుక్కుమంటుంది. నీ అత్త "గట్లెట్ల చేస్తవ్ బిడ్డా" అంటోంది కదా, ఆ మాట మాత్రం ఎవరు అడిగినా మార్చకు.

ఇక డబ్బు సంగతి. దూరదర్శన్ స్పాన్సర్డ్ కార్యక్రమాల రోజుల్లో నిర్మాతే స్లాట్‌కు డబ్బు కట్టి, వచ్చిన ప్రకటనల టైమ్ అమ్ముకునేవాడు. ఇప్పుడు ఎక్కువగా ఛానెలే ఎపిసోడ్‌కు ఇంత అని ఇస్తుంది, హక్కులు తన దగ్గరే పెట్టుకుంటుంది. ప్రకటనల డబ్బేమో ఫోన్ల వైపు జారిపోతోంది. నిర్మాతకు మిగిలేది ఖర్చులో ఆదా చేసుకున్నదే. అందుకే నువ్వు రాసిన పద్మాక్షి గుట్ట దగ్గరి సద్దుల బతుకమ్మ షూటింగ్ దాకా రాదు. అంతమంది ఆడవాళ్లు, పూలు, లైట్లు, బండ్లు... ఖర్చు లెక్కలు చూసే ఈపీ (ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్) ఆ పేజీని రెండో చూపు కూడా చూడడు. కానీ అత్తాకోడళ్లను వంటింట్లోనే ఉంచి, గోడ అవతల చప్పట్లు, పాట వినిపించు. పాట దూరమయ్యేకొద్దీ కోడలు గిన్నె తోమడం ఆపేస్తుంది. అత్త "పోయిరా పో" అంటుంది. ఖర్చు లేదు, పైగా చిన్నమ్మకు అర్థమవుతుంది.

అగ్రిమెంట్ చదవకుండా సంతకం పెట్టకు. 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణలో రచయితల రాయల్టీ గురించి ఉంది, అది తెలిసిన వకీలుకు చూపించు. వేరే భాషలో రీమేక్ చేస్తే నీకేం వస్తుందో ముందే అడుగు.

మూడో సీన్ తిరగరాశాక మీ అమ్మ కూరగాయలు తరుగుతున్నప్పుడు పక్క గదిలోంచి గట్టిగా చదువు. ఆమె ఎక్కడ "ఎవరది?" అని అడిగితే అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకో. ఆదివారం పరకాల బస్సు దిగగానే ఫోన్ చెయ్యి, ఆ కాగితాలు తీసుకురా.

మీ అన్న