ఇనప్పెట్టె కొన్న మేనకోడలికి మావయ్య ఉత్తరం

అంబాజీపేట

చిట్టితల్లికి మావయ్య ఆశీస్సులు.

ముమ్మిడివరంలో కట్టుకున్న ఇంటికి తాళంచెవీ, నంబరూ రెండూ ఉన్న ఇనప్పెట్టె కొన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన ఇంటి ఆడపిల్లల్లో సొంత జీతంతో ఇల్లు కట్టినదానివి నువ్వే మొదటిదానివి. వీధిలో నలుగురికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఎందుకో తర్వాత రాస్తాను.

ముందు నీ పెట్టె ఏ రకమో చూసుకో. బటన్లు నొక్కే కొన్ని చిన్న పెట్టెలకి కూడా తాళంచెవి ఇస్తారు. అది బ్యాటరీ అయిపోతేనో, నంబరు మర్చిపోతేనో వాడుకోవడానికి. ఆ చెవి ఒక్కటీ దొరికితే చాలు, నంబరుతో పనిలేకుండా పెట్టె తెరుచుకుంటుంది. దాన్ని రెండు తాళాలనుకోకు. ఒకే ఇంటికి వీధి గుమ్మం, పెరటి గుమ్మం ఉన్నట్టు. నువ్వు కొన్నది గుండ్రటి డయల్‌ది అంటోంది మీ అమ్మ. దానికైతే మామూలుగా రెండూ కలిస్తేనే తలుపు వస్తుంది. ఏది ముందో మీ పెట్టెతో ఇచ్చిన పుస్తకంలో చూడు.

డయల్ వెనక సాధారణంగా మూడు చక్రాలు ఉంటాయి. ఒక్కోదాని అంచున ఒక్కో గాడి. డయల్ తిప్పితే మొదటి చక్రం తిరుగుతుంది, దాని బొడిపె రెండోదాన్ని నెడుతుంది, రెండోది మూడోదాన్ని. అందుకే ఎడమకి నాలుగుసార్లు, కుడికి మూడుసార్లు, మళ్లీ ఎడమకి రెండుసార్లు అని లెక్కపెట్టిస్తారు. మొదటి అంకె అన్నిటికంటే చివర కదిలే చక్రానిది. మూడు గాడులూ ఒక వరసలోకొస్తే పైనున్న చిన్న కడ్డీ అందులోకి దిగుతుంది, అప్పుడు లోపలి గడియ జరుగుతుంది. అంకె దాటిపోతే వెనక్కి తిప్పి సర్దుకుందామనుకోకు, మొదటికి రావలసిందే. తాళంచెవి పని వేరు. దాని పళ్లు లోపలి లివర్లని, అంటే చిన్న లోహపు పలకలని, ఒక్కోదాన్నీ సరిగ్గా దానికి కావలసినంత ఎత్తుకే లేపాలి. రెండూ ఒప్పుకున్నాక పిడి తిప్పితే తలుపు మందంలోని లావు గడియలు వెనక్కి వస్తాయి.

మూసేటప్పుడు డయల్‌ని నాలుగైదు చుట్లు తిప్పి గాడుల వరస చెరిపెయ్. మీ ఆయన బద్ధకిస్తాడు, నాకు తెలుసు. నంబరుకి పుట్టినరోజులు వద్దు. రెండో తాళంచెవి పెట్టెలోనే పెట్టకు (నవ్వకు, పెట్టినవాళ్లని చూశాను). తాళంలో కొబ్బరినూనె పొయ్యకు, దుమ్ము పట్టి చలికాలం గడ్డకడుతుంది.

పెట్టె నేలకి బోల్టులేసి బిగించాలి, లేకపోతే దొంగ పెట్టెతో సహా ఎత్తుకుపోతాడు. ఎక్కడ బిగిస్తావన్నదే నా దిగులు. 1986 ఆగస్టు వరదకి గోదారి మధ్య లంకలో మా నాన్న పెట్టె రెండు రోజులు నీళ్లలో ఉంది. దొంగలు తెరవలేని పెట్టెలోకి గోదారి తాళంచెవి లేకుండానే వెళ్లింది. దస్తావేజులు అట్టలా అంటుకుపోయాయి. నిప్పుకి ఆగుతుందని రాసిన పెట్టె నీళ్లకి ఆగుతుందని కాదు. 2022 జులైలో లంకల్లో ఎంత నీరొచ్చిందో నువ్వూ చూశావు. మేడ మీద పెట్టు, స్లాబు ఆ బరువు మోస్తుందో లేదో మేస్త్రీని అడిగి పెట్టు. కాగితాలు ప్లాస్టిక్ కవర్లలో వెయ్.

ఇక నిద్ర పట్టని సంగతి.

నేను రైసుమిల్లులో గుమాస్తాగా ఉన్నప్పుడు అక్కడి పెట్టె తాళంచెవి యజమానిది, నంబరు నాది. ఒక్కరం తెరవలేం. ఆ నంబరు రాసి లక్క ముద్ర వేసిన కవరు యజమాని అన్నగారింట్లో ఉండేది. మాలో ఒకడు మంచం పట్టినా కూలీలకి డబ్బు ఆగకూడదని. ఆ పద్ధతి బాగుందని ఇంట్లోనూ అలాంటి పెట్టే కొన్నాను. తాళంచెవి మీ అత్తయ్య కొంగుకి ఉండేది. నంబరు ఇద్దరికీ తెలుసు.

1996 నవంబరు తుపానుకి మీ అత్తయ్య తమ్ముడి కొబ్బరితోట మొత్తం పడిపోయింది. అతను వచ్చి ఏడిస్తే, నాకు చెప్పకుండా రెండు గాజులు తీసి తాకట్టుకి ఇచ్చింది. నెల తర్వాత తెలిసింది. నేను అరవలేదు. అరిచినా బాగుండేది. ఆవిడ పడుకున్నాక కొంగు ముడి విప్పి తాళంచెవి తీశాను. పెట్టె తలుపు తెరిచి, నంబరు మార్చే చిన్న చెవి వెనక నుంచి పెట్టి కొత్త అంకెలు వేశాను. తలుపు తెరిచి ఉండగానే మూడుసార్లు పరీక్షించి చూసుకున్నాను కూడా, అక్కడ మాత్రం శాస్త్రం తప్పలేదు! మళ్లీ మూసి, చెవి కొంగుకి కట్టేశాను. మర్నాడు ఆవిడ పెట్టిన కాఫీ తాగుతూ పేపరు చదివాను.

ఇరవై రోజులకి కాలవ గట్టు మీద స్కూటర్ జారి తల పగిలింది. కాకినాడ తీసుకెళ్లారు. రెండు రోజులు తెలివి లేదు. డాక్టర్లు డబ్బు కట్టమంటే మీ అత్తయ్య రాత్రి బస్సుకి ఇంటికొచ్చింది. చేతిలో తాళంచెవి ఉంది. మూడు నాలుగుసార్లు పాత నంబరు తిప్పి చూసిందట. తనే తప్పు తిప్పుతున్నానేమో అనుకుందట. నేను మార్చి ఉంటానని ఆవిడకి తట్టలేదమ్మా. తెల్లారాక ఒక మెకానిక్‌ని పిలిస్తే డ్రిల్లు పెట్టాడు. లోపల ఏదో తెగి మరో అడ్డు గడియ పడింది. బలవంతం చేసేకొద్దీ బిగుసుకునేలానే చేస్తారు వాటిని. చివరికి ఆస్పత్రి డబ్బు తెచ్చింది ఎవరనుకున్నావు? తోట పడిపోయిన ఆ తమ్ముడే, ఎక్కడో వడ్డీకి.

నేను ఇంటికొచ్చిన రోజు ఆవిడ కొంగు ముడి విప్పి తాళంచెవి నా మంచం మీద పెట్టింది. "ఇది కూడా మీరే ఉంచుకోండి" అంది. మళ్లీ ఆ చెవి ఆవిడ కొంగుకి చేరడానికి రెండేళ్లు పట్టింది.

కాబట్టి నంబరు మార్చిన రోజే మీ ఆయనకి చెప్పు. అతను మారిస్తే నీకు చెప్పాలి. గొడవ పడిన రోజు అసలు మార్చొద్దు. ఒక కవరులో రాసి మీ అమ్మ దగ్గర దాచు, రెండో తాళంచెవి మాత్రం ఆ ఇంట్లో పెట్టకు, ఇంకోచోట ఉంచు. బోల్టులు వేసే రోజు చెబితే నేను వస్తాను, ఆ మేస్త్రీని కాస్త కనిపెట్టి ఉండాలి.

ఈ ఉత్తరం మీ అత్తయ్య చదివింది. మూడు నాలుగుసార్లు కాదుట. తెల్లారేదాకా తిప్పుతూనే ఉందిట.

మీ మావయ్య