అమ్మలూ, ట్రక్కు మీద సంతకం పెట్టే ముందు

అమ్మలూ,

నిన్న మీ అమ్మ తెనాలి నుంచి ఫోన్ చేసి, "నీ మేనకోడలు పెద్ద పికప్ ట్రక్కు కొంటోందట, దాని వెనక క్యాంపర్, అదే చక్రాల మీది చిన్న ఇల్లు, తగిలించి నన్ను కొలరాడో కొండలు చూపిస్తుందట" అని మురిసిపోయింది. నాకూ గర్వంగానే ఉంది. డాలస్‌లో కొత్తగా హైవే ఎక్కినప్పుడు లేన్ మారడానికి వణికిపోయిన పిల్లవి నువ్వు. కానీ ఫోన్ పెట్టేశాక టెన్షన్ మొదలైంది. అందుకే వివరంగా రాస్తున్నా, అల్లుడికి కూడా చదివి వినిపించు.

బరువు లాగడానికి కంపెనీయే అమర్చి ఇచ్చే ఫ్యాక్టరీ టో ప్యాకేజీ అనవసరమనీ, ట్రైలర్ తగిలించే హిచ్ బయట తక్కువలో వేయించుకోవచ్చనీ అతను అంటున్నాడట. తోటకి మట్టి తెచ్చుకోవడానికో, చిన్న యుటిలిటీ ట్రైలర్‌కో, ఒక జెట్ స్కీకో అయితే అతని మాటే సరైనది. రెండు వేల పౌండ్ల లోపు బరువుకి బయట వేసిన హిచ్, ట్రైలర్ లైట్లకి కరెంటిచ్చే నాలుగు పిన్నుల ప్లగ్ చాలు. ప్యాకేజీ మీద డబ్బు పోయొద్దనే నేనూ చెబుతాను. మీరు చూస్తున్న క్యాంపర్ మాత్రం ఖాళీగానే 4,800 పౌండ్లట. నీళ్లు, గ్యాస్, గిన్నెలు, బియ్యం, పిల్లల సైకిళ్లు పడ్డాక 6,000 అయి కూర్చుంటుంది. దానికి ప్యాకేజీ ఉన్న బండే కొనాలి.

హిచ్ అనేది పైకి కనిపించే ఇనుము మాత్రమే. ప్యాకేజీలో అసలు సంగతి లోపల ఉంటుంది. బండిని బట్టి గేర్‌బాక్సుని చల్లబరిచే ట్రాన్స్‌మిషన్ కూలరో, పెద్ద రేడియేటరో ఇస్తారు, లైట్లతో పాటు ట్రైలర్ బ్రేకులకీ కరెంటిచ్చే ఏడు పిన్నుల వైరింగ్ వస్తుంది. కొన్నిటికి యాక్సిల్ గేర్ రేషియో కూడా మారుతుంది. మీరు ఎఫ్-150 అనుకుంటున్నారు కదా, ఆ మోడల్ సంవత్సరానికి ఫోర్డ్ వాళ్ల టోయింగ్ గైడ్ తీసి చూడండి. 5,000 పౌండ్లు దాటితే ప్యాకేజీ ఉండాలని చాలా ఏళ్ల గైడ్లలో రాసి ఉంటుంది. బయట షాపువాడు ఎంత లావు హిచ్ బిగించినా కంపెనీ రాసిన ఆ పరిమితి పెరగదు. ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్‌ని చంపేది వేడి. మన ఆగస్టు ఎండలో బరువు లాగితే ఆ వేడి ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు.

నా అసలు భయం మాత్రం ఇంజిన్ గురించి కాదు, బ్రేకుల గురించి.

నువ్వింకా బడికెళ్లే రోజుల్లో ఇక్కడ నా స్నేహితుడొకాయన పాత ట్రక్కు కొని, బయట హిచ్ వేయించాడు. బండికి ఉన్నది నాలుగు పిన్నుల ప్లగ్. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న క్యాంపర్‌ది ఏడు పిన్నులు. ఎవరో ఒక అడాప్టర్ అమ్మారు, ప్లగ్ చక్కగా కూర్చుంది. వాళ్లబ్బాయి వెనక నిలబడి ఇండికేటర్లు, బ్రేక్ లైట్లు వెలగడం చూసి "ఓకే నాన్నా" అన్నాడు. అందరం బయల్దేరాం. నేను ముందు సీట్లో ఉన్నాను.

క్యాంపర్ చక్రాలకి ఎలక్ట్రిక్ బ్రేకులున్నాయి. వాటికి కరెంటు తీసుకెళ్లే వైరు నాలుగు పిన్నుల్లో ఉండదు. ఆ బ్రేకులకి ఎంత కరెంటు పంపాలో చూసే బ్రేక్ కంట్రోలరూ బండిలో లేదు. అంటే లైట్లు వెలుగుతున్నాయి గానీ క్యాంపర్ బ్రేకులు పనిచేయడం లేదు. 287 హైవే మీద అమరిల్లో దాకా నేలంతా చదును, అందుకే ఎవరికీ తేడా తెలియలేదు. న్యూ మెక్సికో దాటి కొలరాడోలోకి వెళ్లే చోట రాటన్ పాస్ అనే కొండ దారి ఉంది, 7,834 అడుగుల ఎత్తు. ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు పైకి పోతూ ఉంది. అవతల ట్రినిడాడ్ వైపు దిగుతుంటే క్యాంపర్ మమ్మల్ని వెనక నుంచి తోసేసింది. ఆయన కాలు బ్రేక్ మీద నుంచి తియ్యలేదు. రెండు బండ్ల బరువునీ ట్రక్కు బ్రేకులే ఆపాలి కదా, మాడిన వాసన మొదలైంది. కాసేపటికి పెడల్ మెత్తబడి లోపలికి దిగిపోయింది. వెనక సీట్లో వాళ్లావిడ ఇద్దరు పిల్లల్ని గట్టిగా పట్టుకుని దేవుడి పేర్లు చదువుతోంది. కింది గేర్‌లో పెట్టమని అరిచాను. ఎలాగో రోడ్డు పక్క షోల్డర్ మీదకి లాగి ఆపగలిగాడు. ముందు చక్రాల నుంచి పొగ. అన్నీ చల్లారాక, మొదటి గేర్‌లో నడక వేగంతో ట్రినిడాడ్ చేరాం. అక్కడ మెకానిక్ కింద పడుకుని, క్యాంపర్ నుంచి వచ్చిన నీలం వైరు అడాప్టర్ దగ్గరే ఆగిపోవడం చూపించాడు.

ఆ దారిలోనే కదమ్మా మీరు మీ అమ్మని తీసుకెళ్దామనుకుంటున్నది?

కాబట్టి డీలర్ "టో ప్యాకేజీ ఉంది" అన్నాడని తలూపేసి రాకు. బ్రేక్ కంట్రోలర్‌ని చాలా బండ్లలో విడిగా అమ్ముతారు. డాష్‌బోర్డు మీద గెయిన్, అంటే ట్రైలర్ బ్రేకుల బలం, మార్చే బటన్లు, చేత్తో నొక్కే మీట కనబడితేనే ఉన్నట్టు. టెక్సాస్‌లో మొత్తం 4,500 పౌండ్లు దాటిన ట్రైలర్‌కి బ్రేకులుండాలని చట్టమే ఉంది. క్యాంపర్ తగిలించాక ఖాళీ రోడ్డు మీద 25 మైళ్ల వేగంలో ట్రక్కు బ్రేక్ తొక్కకుండా ఆ మీట ఒక్కటే నొక్కు. వెనక నుంచి ఎవరో పట్టి లాగినట్టు అనిపించాలి. ప్రతి ప్రయాణానికీ ముందు ఇది చెయ్యి, బద్ధకించావంటే ఊరుకోను.

రెండోది బరువు లెక్క. ప్రకటనలో 11,000 పౌండ్లు లాగుతుందని రాస్తే సంబరపడిపోకండి. డ్రైవర్ తలుపు తీస్తే పక్కన స్టిక్కర్ ఉంటుంది, మనుషులూ సామానూ కలిపి ఎంత మించకూడదో దాని మీద రాసి ఉంటుంది. అది 1,600 అనుకో. 6,000 పౌండ్ల క్యాంపర్ హిచ్ మీద దాదాపు 780 మోపుతుంది. బరువు సర్దే హిచ్ ఇంకో 100. మీ ఇద్దరూ, పిల్లలూ, అమ్మా కలిసి 650. ఇక మిగిలింది 70 పౌండ్లు. అమ్మ సూట్‌కేసులో పచ్చళ్లే అంతుంటాయి! ఎంత లాగగలదన్న అంకెకి చేరకముందే మోసే లెక్క అయిపోతుంది. ఖరీదైన ట్రిమ్‌లో సన్‌రూఫులూ పెద్ద సీట్లూ కూడా ఈ లెక్కలోంచే తింటాయి.

హిచ్ మీద పడే బరువు మొత్తంలో 10 నుంచి 15 శాతం ఉండాలి. మీ తాతయ్య ధాన్యం బస్తాలు వేశాక ఎడ్లని కట్టే ముందు కాడి ఎత్తి చూసేవారు. వెనక బరువెక్కువైతే కాడి పైకి లేచి ఎడ్ల గొంతుకి పట్టేస్తుంది, ముందెక్కువైతే మెడలు విరుగుతాయి. రెండు బస్తాలు అటూ ఇటూ జరిపించి గానీ కదలనిచ్చేవారు కాదు. క్యాంపర్‌లోనూ బరువైనవి యాక్సిల్‌కి, అంటే చక్రాల ఇరుసుకి, కాస్త ముందు పెట్టండి. సైకిళ్లు వెనక బంపర్‌కి వేలాడదీస్తే హైవే మీద క్యాంపర్ తోక ఊపుతుంది. అలా ఊగితే బ్రేక్ గట్టిగా తొక్కొద్దు, స్టీరింగ్ తిప్పొద్దు. గ్యాస్ వదిలి, ఆ మీట నొక్కండి.

ట్రక్కునీ క్యాంపర్‌నీ కలిపే సేఫ్టీ చెయిన్లు ఒకదాని మీదుగా ఒకటి కత్తెరలా వేసి తగిలించండి. టైర్ల తేదీ చూడండి. వేగం 65 మైళ్లు దాటొద్దు.

వాడిన బండి అయితే, కంపెనీ ఏమేం అమర్చిందో రాసి ఉండే ఒరిజినల్ విండో స్టిక్కర్ అడుగు, వెనక బంపర్ దగ్గర ఏడు పిన్నుల సాకెట్ నీ కళ్లతో చూడు. తలుపు స్టిక్కర్ ఫొటో తీసి నాకు పంపు, లెక్క ఇద్దరం కలిసి వేద్దాం, అప్పటిదాకా అడ్వాన్స్ ఇవ్వొద్దు. క్యాంపర్ వచ్చాక ఒక శనివారం నేనే వస్తా. స్కూల్ పార్కింగ్ లాట్‌లో రివర్స్ నేర్చుకుందువు గానీ. అల్లుడికంటే నీకే ముందు నేర్పుతా.

మీ మావయ్య